రేణిగుంట రోడ్డు నర్సరీలో ‘ఆఫ్రికన్ మహాగని’: మొక్క మంచిదే, చీటీని నమ్మలేం

తిరుపతి నుంచి రేణిగుంట వెళ్లే దారిలో ఉన్న ఈ నర్సరీలో మహాగని మొక్కలు రెండు వరసల్లో పెట్టారు. ఒక వరసకు ‘మహాగని’ అని, రెండోదానికి ‘ఆఫ్రికన్ మహాగని’ అని చీటీలున్నాయి. రెండోదాని ధర ఎక్కువ. మొక్కలు పచ్చగా, బలంగా ఉన్నాయి. చిక్కల్లా ఒకటే: ఎక్కువ ధర పెట్టిన వరసలో రెండు రకాల చెట్లు కలిసిపోయాయి.

మన దగ్గర మామూలుగా మహాగని అనేది అమెరికా ఖండం చెట్టు, స్వీటీనియా. 1795లో జమైకా నుంచి కలకత్తా వృక్షోద్యానానికి వచ్చింది. ఆఫ్రికన్ మహాగని వేరే ప్రజాతి, దాని పేరు ఖయా. ఆఫ్రికా వర్షారణ్యాల్లో ఖయా ఆంథోథీకా లాంటివి ఏడాది పొడుగునా పచ్చగా ఉంటూ 50 మీటర్లు దాటి పెరుగుతాయి, ముదిరిన చెట్టు మొదట్లో వేళ్లు పలకల్లా లేచి ఉంటాయి. రెండూ వేప కుటుంబానివే కావడంతో కవరులో ఉన్నప్పుడు తేడా పట్టడం కష్టం. కష్టమే గానీ అసాధ్యం కాదు.

ముందు రెబ్బ చివర చూడాలి. కరివేపాకు రెబ్బ ఒంటి ఆకుతో ముగుస్తుంది, ఖయా రెబ్బ జత ఆకులతో ముగుస్తుంది. అంచులు నునుపుగా ఉంటాయి, వేపాకులా రంపపు పళ్లుండవు. స్వీటీనియా కూడా ఇలాగే ఉంటుంది కాబట్టి ఇక్కడితో ఆగితే మోసపోతాం. ఇప్పుడు రెబ్బలోని ఒక ఆకును తుంచి, మొదట్లో నడిమి ఈనెకు రెండు వైపులా చూడాలి. పెద్దాకు మహాగని, అంటే స్వీటీనియా మాక్రోఫిల్లాలో ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువగా ఉండి ఆకంతా కొద్దిగా కొడవలిలా వంగుతుంది. ఖయాలో రెండు వైపులూ దాదాపు సమానం. ఒక్క ఆకుతో తేల్చకుండా మొక్కకు నాలుగైదు ఆకులు చూడాలి.

ఆకు సైజును మాత్రం ఆధారం చేసుకోకూడదు. లేత మొక్కల ఆకులు పెద్ద చెట్టు ఆకులకంటే బాగా పెద్దవిగా వస్తాయి. రెండింటిలోనూ మొలకకు మొదట వచ్చేవి విడి ఆకులే, రెబ్బలు తర్వాత వేస్తాయి. జానెడు మొక్కను చూసి ‘ఇది గ్యారంటీగా ఆఫ్రికన్’ అని ఎవరన్నా నమ్మవద్దు.

అసలు సాక్ష్యం కాయ. ఖయా కాయ గుండ్రంగా, గట్టిగా, చూడగానే వెలగకాయ గుర్తొచ్చేలా ఉంటుంది. పండి ఎండాక కొన నుంచి పగిలి, పెంకులు అడుగున అతుక్కునే ఉండి, కొయ్యపువ్వులా విచ్చుకుంటుంది. స్వీటీనియా కాయ కోలగా, నిటారుగా నిలబడుతుంది, కింది నుంచి పగిలి పెంకులు రాలిపోతాయి. విత్తనం చూస్తే ఇక సందేహమే ఉండదు: స్వీటీనియా గింజకు ఒక పక్కనే పొడుగాటి రెక్క, గిరగిరా తిరుగుతూ పడుతుంది. ఖయా గింజ బిళ్లలా ఉండి చుట్టూ సన్నని పొర అంచు ఉంటుంది. నర్సరీవాళ్లను అడగాల్సింది ఈ గింజే. ఇక్కడ అడిగితే చూపించడానికి లేదు.

ఇంకో ప్రశ్నకు కూడా ఇక్కడ జవాబు దొరకదు: ఏ ఖయా? ‘అన్నీ ఒకటే సార్’ అంటారు. ఒకటి కాదు. వర్షారణ్యాల ఖయాలకు తేమ ఎక్కువ కావాలి. ఖయా సెనెగాలెన్సిస్ గడ్డిమైదానాల చెట్టు, నెలల తరబడి వాన లేకున్నా తట్టుకుంటుంది. చిత్తూరు వైపు ఎర్ర నేలల్లో, మామిడి తోట గట్ల మీద, బోరు మీద ఆధారపడి పెంచేవాళ్లకు నప్పేది ఇదే. దీని కాయ సాధారణంగా 4 పెంకులుగా పగులుతుంది, అడవి రకాలవి ఎక్కువగా 5. చీటీ మీద ‘ఆఫ్రికన్’ అని రాసి రకం రాయకపోవడం చిన్న లోపం కాదు, రైతు పదేళ్ల నీళ్లూ శ్రమా దాని మీద ఆధారపడి ఉన్నాయి.

పెంపకానికి మాత్రం మంచి మార్కులే వేయాలి. కవర్లలో మట్టి గట్టిపడలేదు, నీళ్లు పోస్తే నిలవకుండా దిగుతున్నాయి. అయితే పాత స్టాకులో కొన్నింటికి తల్లివేరు కవరు చిల్లులోంచి నేలలోకి దిగిపోయింది. లాగితే తెగుతుంది, నాటాక మొక్క వడలుతుంది. అలాంటివి వదిలేయండి. చిగురు నల్లబడి, దాని దగ్గర రంపపు పొట్టులాంటిది కనిపిస్తే అది చిగురు తొలిచే పురుగు. మహాగని జాతులన్నిటికీ పెద్ద శత్రువు ఇదే. తల పోతే మొక్క రెండు మూడు కొమ్మలుగా చీలుతుంది, కలపకు పనికొచ్చే నిటారు బోదె రాదు. ఇప్పటికే తల చీలిన మొక్కలు ఈ వరసలో ఉన్నాయి. నాటాక పురుగు తగిలితే పుచ్చిన చిగురును ఆరోగ్యమైన భాగం దాకా కోసి, కొత్తగా వచ్చేవాటిలో బలమైనది ఒక్కటే ఉంచాలి.

మొక్కల నాణ్యతకు 5కు 4, పేరు విషయంలో 5కు 1. నాలుగైదు మొక్కలు కావాలంటే ఆకు మొదలు చూసి మీరే ఏరుకోండి, వాళ్లు అడ్డు చెప్పరు. ఎకరాల లెక్కన తీసుకునేవాళ్లు గింజ ఏ చెట్టు నుంచి తెచ్చారో, ఏ రకమో బిల్లు మీద రాయించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి. ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరులో మొదలవుతాయి కాబట్టి ఈ బేరం సెప్టెంబరులోపే తేల్చుకుంటే గుంతలు తవ్వుకోవడానికి వ్యవధి ఉంటుంది.