కాల్డర్ కప్, కెల్లీ కప్: ఏది మేలు?

ఉత్తర అమెరికా ఐస్ హాకీలో అగ్రశ్రేణి లీగ్ అయిన నేషనల్ హాకీ లీగ్‌కు, అంటే ఎన్‌హెచ్‌ఎల్‌కు, దిగువన రెండు ముఖ్యమైన మెట్లున్నాయి. మొదటిది అమెరికన్ హాకీ లీగ్, అంటే ఏహెచ్‌ఎల్; దాని కిందిది ఈసీహెచ్‌ఎల్. రెండు లీగ్‌లలోనూ ఒక్కో జట్టు సీజన్‌కు 72 మ్యాచ్‌లు ఆడుతుంది. ఏప్రిల్‌లో మొదలయ్యే ప్లేఆఫ్స్ ముగిశాక ఏహెచ్‌ఎల్ విజేత కాల్డర్ కప్‌ను, ఈసీహెచ్‌ఎల్ విజేత కెల్లీ కప్‌ను అందుకుంటాయి. టెక్సాస్‌లో స్థిరపడిన తెలుగువారికి ఇవి పొరుగింటి సంగతులే. మనవాళ్లు పెద్ద సంఖ్యలో నివసించే డాలస్ శివార్లలో ఒకటైన అలెన్‌కు చెందిన అలెన్ అమెరికన్స్ జట్టు 2015లోనూ 2016లోనూ కెల్లీ కప్ గెలుచుకుంది. ఆస్టిన్ పక్కనున్న సీడార్ పార్క్‌కు చెందిన టెక్సాస్ స్టార్స్ 2014లో కాల్డర్ కప్ సాధించింది. ఈ ఆటను కొత్తగా చూడడం మొదలుపెట్టినవారు ఈ రెండు పోటీల్లో దేనిని అనుసరిస్తే మేలు అన్న ప్రశ్నకు నాకు తోచిన సమాధానం చెబుతాను.

చరిత్ర విషయంలో పెద్ద వాదన అవసరం లేదు. ఎన్‌హెచ్‌ఎల్ తొలి అధ్యక్షుడు ఫ్రాంక్ కాల్డర్ పేరిట నెలకొల్పిన కప్‌ను 1937లో సిరక్యూస్ స్టార్స్ మొదటిసారి గెలుచుకుంది. పెన్సిల్వేనియాలో చాక్లెట్‌కు పేరుపడ్డ హెర్షీ అనే చిన్న ఊరి జట్టు, హెర్షీ బేర్స్, 2023, 2024 విజయాలతో కలిపి దానిని 13 సార్లు సొంతం చేసుకుంది. మరే జట్టూ ఆ లెక్క దరిదాపుల్లో లేదు. ఈసీహెచ్‌ఎల్ 1988లో ఐదు జట్లతో పుట్టింది. తొలి కమిషనర్ ప్యాట్రిక్ కెల్లీ పేరు దాని కప్‌కు 1997 నుంచి ఉంది. ఫ్లోరిడా ఎవర్‌బ్లేడ్స్ 2022 నుంచి 2024 వరకు వరుసగా మూడేళ్లు గెలవడం ఆ లీగ్‌లో అంతకుముందు ఎవరికీ సాధ్యం కాలేదు. వయసులోనూ వారసత్వంలోనూ కాల్డర్‌దే పైచేయి.

విజేతను తేల్చే పద్ధతికి వచ్చేసరికి నా మొగ్గు పూర్తిగా కెల్లీ కప్ వైపే. అక్కడ నాలుగు డివిజన్ల నుంచి నాలుగేసి చొప్పున 16 జట్లే ప్లేఆఫ్స్‌కు చేరతాయి. నాలుగు రౌండ్లలో ప్రతిదీ ఏడు మ్యాచ్‌ల సిరీస్ కాబట్టి, ముందుగా నాలుగు గెలిచిన జట్టు ముందుకు సాగుతుంది. కప్ చేతికందాలంటే ఎవరైనా సరే 16 మ్యాచ్‌లు గెలిచి తీరాలి. ఏహెచ్‌ఎల్‌లో మాత్రం 32 జట్లలో 23 జట్లకు ప్లేఆఫ్స్ అవకాశం ఇస్తారు. వాటిలో తొమ్మిది జట్లు మొదటి రౌండ్ ఆడకుండానే రెండో రౌండ్‌కు చేరగా, మిగిలిన పద్నాలుగు జట్లు మూడు మ్యాచ్‌ల సిరీస్‌లో తలపడతాయి. తర్వాతి రెండు రౌండ్లు ఐదేసి మ్యాచ్‌లు, చివరి రెండు ఏడేసి మ్యాచ్‌లు. దీనివల్ల మొదటి రౌండ్ ఆడిన జట్టు 16 విజయాలు సాధించాల్సి వస్తే, ఆడకుండా దాటిన జట్టుకు 14 సరిపోతాయి. బాగా ఆడినవారికి ఆ వెసులుబాటు ఇవ్వడం న్యాయమే. కానీ ఆర్నెల్ల పాటు 72 మ్యాచ్‌లు ఆడిన జట్టును రెండే ఓటములతో ఇంటికి పంపడం నాకు మింగుడు పడదు. ఐస్ హాకీలో పక్, అంటే బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల, ఎవరి స్కేటుకో తగిలి దారి మళ్లి గోల్‌లోకి పోవడం మామూలే. ఇంత అదృష్టం కలగలిసిన ఆటలో, బలమేదో బలహీనతేదో బయటపడడానికి సిరీస్ కాస్త పొడవుగా ఉండాలి.

జట్టు కూర్పు కూడా ఈ ప్రశ్నలో భాగమే. ఏహెచ్‌ఎల్‌లోని ప్రతి జట్టుకూ ఒక ఎన్‌హెచ్‌ఎల్ జట్టుతో అనుబంధం ఉంటుంది; పై జట్టుకు అవసరం పడితే కింది జట్టు ఆటగాడిని ఏ క్షణంలోనైనా పిలిపించుకుంటుంది. రంజీ నాకౌట్‌కు ముందు మన రాష్ట్ర జట్టు ప్రధాన బౌలర్‌కు భారత జట్టు నుంచి పిలుపు వస్తే కలిగే సంతోషం, బెంగ రెండూ అక్కడి అభిమానులకు నిత్యానుభవం. ఈసీహెచ్‌ఎల్‌లో ఈ కుదుపు రెండింతలు, ఎందుకంటే పైన గోల్‌కీపర్ ఒకరు గాయపడితే ఏహెచ్‌ఎల్ నుంచి ఒకరు పైకి వెళతారు, ఆ ఖాళీలోకి ఈసీహెచ్‌ఎల్ నుంచి మరొకరు వెళతారు, అడుగున మిగిలిన జట్టు ఉన్నవారితోనే సర్దుకుంటుంది. అయినా చివరిదాకా అక్కడ నిలిచే ఆటగాళ్లలో చాలామందికి ఎన్‌హెచ్‌ఎల్ పిలుపు ఇక రాదని తెలుసు. వాళ్లకు కెల్లీ కప్ మరో చోటికి మెట్టు కాదు, అదే గమ్యం. ఆ పట్టుదలను నేను మనసారా గౌరవిస్తాను.

అయితే ఆట నాణ్యత దగ్గర కాల్డర్ కప్‌తో కెల్లీ కప్ పోటీ పడలేదు. 1985లో షెర్‌బ్రూక్ కెనేడియన్స్ తరఫున కాల్డర్ కప్ గెలిచిన కుర్ర గోల్‌కీపర్ ప్యాట్రిక్ రాయ్, మరుసటి ఏడాదే మాంట్రియల్ జట్టుకు ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ అందించి ప్లేఆఫ్స్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచాడు. 2012లో నార్‌ఫోక్ అడ్మిరల్స్ వరుసగా 28 మ్యాచ్‌లు గెలిచి, ఆపై కాల్డర్ కప్ కూడా సాధించింది. ఆ జట్టు కోచ్ జాన్ కూపర్ తర్వాత టాంపా బేకు 2020లో, 2021లో స్టాన్లీ కప్‌లు తెచ్చిపెట్టాడు. 2025లో కప్ గెలిచిన అబ్బాట్స్‌ఫోర్డ్ కనక్స్‌లో పంజాబీ మూలాలున్న అర్ష్‌దీప్ బైన్స్ ఉన్నాడన్నది మనకు మరో ఆకర్షణ. జొనాథన్ క్విక్, జోర్డన్ బినింగ్టన్ వంటి గొప్ప గోల్‌కీపర్లు ఈసీహెచ్‌ఎల్‌లో ఆడినవారే, కానీ అది వారి ప్రయాణంలో తొలి మజిలీ మాత్రమే.

ప్లేఆఫ్స్ ఉత్కంఠ ఎలాంటిదో తెలియాలంటే 2018 మే 9న షార్లట్‌లో జరిగిన మ్యాచ్‌ను తలచుకోవాలి. సీజన్ మ్యాచ్‌లలో మాదిరిగా ప్లేఆఫ్స్‌లో షూటౌట్ ఉండదు; గోల్ పడేదాకా ఇరవై నిమిషాల చొప్పున ఓవర్‌టైమ్ సాగుతూనే ఉంటుంది. లీహై వ్యాలీ ఫాంటమ్స్, షార్లట్ చెకర్స్ 1-1 దగ్గర ఆగిపోయి నాలుగు ఓవర్‌టైమ్‌లు పూర్తిచేశాయి. ఐదో దానిలో, మొత్తం 146 నిమిషాల 48 సెకన్ల ఆట తర్వాత, అలెక్స్ క్రుషెల్‌నిస్కీ కొట్టిన గోల్‌తో ఫాంటమ్స్ గెలిచింది. అప్పటికి అర్ధరాత్రి దాటిపోయింది. ఏహెచ్‌ఎల్ చరిత్రలో అంత సుదీర్ఘమైన మ్యాచ్ అంతకుముందు జరగలేదు. ఆ రాత్రి ఫాంటమ్స్ గోల్‌కీపర్ అలెక్స్ లయన్ మీదికి 95 షాట్లు వస్తే 94 ఆపాడు. బరువైన ప్యాడ్లు కట్టుకుని, మోకాళ్ల మీద పడుతూ లేస్తూ రెండు మ్యాచ్‌లకు మించిన సేపు ఒక మనిషి అలా నిలబడడం చూశాక దీనిని చిన్న లీగ్ అనడానికి నాకు నోరు రాదు.

రెండు కప్‌ల విలువనూ స్వయంగా ఎరిగిన మనిషి జారెడ్ బెడ్నార్. సౌత్ కరోలినా స్టింగ్‌రేస్‌లో ఆటగాడిగా 1997లో, 2001లో, కోచ్‌గా 2009లో ఆయన కెల్లీ కప్ గెలిచాడు. 2016లో లేక్ ఈరీ మాన్‌స్టర్స్ కోచ్‌గా కాల్డర్ కప్ అందుకున్నాడు. క్లీవ్‌లాండ్‌లో పందొమ్మిది వేల మందికి పైగా ప్రేక్షకుల ముందు, ఓవర్‌టైమ్ గడియారంలో రెండు సెకన్లు కూడా మిగలని క్షణాన ఆలివర్ బ్యోర్క్‌స్ట్రాండ్ వేసిన ఏకైక గోల్‌తో ఆ జట్టు నాలుగో మ్యాచ్‌నూ గెలిచి, హెర్షీపై ఫైనల్ సిరీస్‌ను 4-0తో ముగించింది. 2022లో కొలరాడో అవలాంచ్‌తో స్టాన్లీ కప్ కూడా గెలిచి, కోచ్‌గా ఆ మూడింటినీ సాధించిన మొదటి వ్యక్తి అయ్యాడు.

కాబట్టి ఒక్కటే చూసే తీరిక ఉన్నవారు కాల్డర్ కప్‌నే ఎంచుకోవాలని నా అభిప్రాయం, అదీ ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లు మొదలయ్యే కాన్ఫరెన్స్ ఫైనల్స్, అంటే సెమీఫైనల్స్, నుంచి. రెండింటికీ సమయం ఉన్నవారు మాత్రం కాల్డర్ మొదటి రౌండ్‌ను వదిలేసి, ఏప్రిల్ సాయంత్రాలను కెల్లీ కప్‌కు కేటాయించడం మంచిది. అలెన్ చుట్టుపక్కల ఉండే కుటుంబాలకైతే ఈ సలహా మరింత నప్పుతుంది. అమెరికన్స్ ప్లేఆఫ్స్‌కు చేరిన ఏడాది మొదటి సిరీస్‌లోనే సొంత ఊళ్లో కనీసం రెండు మ్యాచ్‌లు ఖాయం. పిల్లలను గోల్ వెనక అద్దానికి దగ్గరగా కూర్చోబెడితే, ఆటగాడు ఆ అద్దానికి గుద్దుకున్నప్పుడు వచ్చే చప్పుడు వాళ్లను మళ్లీ తీసుకెళ్లమని అడిగేలా చేస్తుంది.