పేరు లేని స్టీల్ గిటార్ వెనక ఎవరున్నారు? నాకు దారి చూపిన డేటాబేస్

నా దగ్గర పది అంగుళాల పాత రికార్డు ఒకటి ఉంది. లేబులు మీద పాట పేరు, దాని కింద ‘హవాయియన్ గిటార్లు’ అన్న రెండు మాటలు మాత్రమే ఉన్నాయి. వాయించినవాళ్ళ పేర్లు లేవు. రెండో చరణం చివర, ఒళ్ళో పెట్టుకుని ఉక్కు కడ్డీతో వాయించే స్టీల్ గిటార్, పై తీగ మీద నెమ్మదిగా జారుకుంటూ వచ్చి, ఆఖరి స్వరాన్ని చిన్న గంట మోగినట్టు హార్మోనిక్‌గా వదిలేస్తుంది. నాలుగు సెకన్లు కూడా ఉండదు. ఆ నాలుగు సెకన్ల కోసం ఆ రికార్డును ఎన్నిసార్లు వేసుకున్నానో లెక్కలేదు. ఇంత అందంగా వాయించిన మనిషికి పేరు లేకపోవడమేమిటన్న బాధే నన్ను ‘డిస్కోగ్రఫీ ఆఫ్ అమెరికన్ హిస్టారికల్ రికార్డింగ్స్’ దగ్గరకు తీసుకెళ్ళింది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా లైబ్రరీ నడుపుతున్న డేటాబేస్ ఇది. డబ్బు కట్టనక్కర్లేదు, ఖాతా తెరవనక్కర్లేదు. పాత రికార్డు కంపెనీలు స్టూడియోలో ఏ రోజు ఏం రికార్డు చేశాయో రాసుకున్న లెడ్జర్లలో మిగిలినవాటిని, పరిశోధకులు దశాబ్దాలుగా సేకరించిన వివరాలను కలిపి, ఒక్కో రికార్డింగుకు ఒక్కో పేజీ పెట్టారు. మొదట విక్టర్ కంపెనీ లెడ్జర్లతో మొదలైంది. తర్వాత కొలంబియా, ఓకే, బ్రన్స్‌విక్, డెక్కా వంటివి చేరాయి. పేజీ తెరిస్తే పాట పేరు, కళాకారులు, ఏ వాద్యాలు వాయించారు, ఏ తేదీన ఏ ఊళ్ళో ఎన్ని టేకులు (ఒకే పాటను మళ్ళీ మళ్ళీ వాయించినవి) తీశారు, వాటిలో ఏది మాస్టరుగా (అచ్చుకు మూలంగా) ఉంచారు, ఏది పక్కన పెట్టారు, ఏ లేబుళ్ళ (బ్రాండ్ల) మీద ఏ నంబర్లతో విడుదల చేశారు అన్నీ వరుసగా ఉంటాయి. కొన్నింటిని అక్కడే వినవచ్చు.

హవాయి సంగీతానికి ఇది ఎందుకంత అవసరమో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. గిటార్‌ను ఒళ్ళో పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు కడ్డీ జార్చి వాయించే పద్ధతికి ఆద్యుడిగా ఓఆహూ దీవిలోని లాయియే ఊరివాడు జోసెఫ్ కెకుకును చెబుతారు. 1904లో హవాయి విడిచి అమెరికా ప్రధాన భూభాగానికి వెళ్ళిన ఆయన మళ్ళీ సొంత దీవులకు తిరిగి రాలేదు. 1915లో సాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పనామా-పసిఫిక్ ప్రదర్శనలో హవాయి బృందాల పాటలు విన్న జనం ఆ సంగీతం మీద మోజు పడ్డారు. రికార్డు కంపెనీలన్నీ దాని వెంటపడ్డాయి. ఒకే మాస్టరును నాలుగైదు లేబుళ్ళ మీద, నాలుగైదు పేర్లతో అమ్మేవారు. విక్టర్ రికార్డు 75 సెంట్లు ఉంటే, దుకాణాల గొలుసుల కోసం అచ్చేసిన చౌక లేబుళ్ళు అంతకన్నా తక్కువకే దొరికేవి. అలాంటి లేబులు మీద కళాకారుడి అసలు పేరు వేయాల్సిన పని ఎవరికీ లేకపోయింది. ఒక మారుపేరో, ‘హవాయియన్ గిటార్లు’ అన్న మాటో సరిపోయింది. వాయించినవాడికి ఆ రోజు కూలి ముట్టింది, పేరు మాత్రం పోయింది.

నా రికార్డు కొలంబియా చౌక లేబుళ్ళ కుటుంబంలోది. హార్మొనీ, వెల్వెట్ టోన్, దీవా అనే ఆ లేబుళ్ళు ఒకే మాస్టర్లను పంచుకునేవి. లేబులు మీది అమ్మకపు నంబరు కన్నా నాకు కావలసింది మాట్రిక్స్ నంబరు, అంటే ఒక్కో రికార్డింగుకు కంపెనీ ఇచ్చుకున్న గుర్తు నంబరు. అది లేబులు చుట్టూ మిగిలే నున్నని పట్టీలో ఉంటుంది. దీపం ఆర్పి, చిన్న టార్చిలైటును రికార్డుకు దాదాపు సమాంతరంగా పడుకోబెట్టి, భూతద్దంలోంచి చూశాను. ఆరు అంకెల్లో అయిదు స్పష్టంగా ఉన్నాయి. నాలుగోది మూడో ఎనిమిదో తేలలేదు. రికార్డును పావు వంతు తిప్పితే ఎనిమిదిలా కనబడింది, ఇంకో పావు తిప్పితే మూడు. ఎనిమిది వేసి వెతికితే ఒక డాన్సు బృందం పేజీ వచ్చింది. మూడు వేస్తే నా పాట పేరు, దాని కింద హవాయి గిటార్ వాద్యకారుడు ఫ్రాంక్ ఫెరెరా పేరు కనబడ్డాయి. ఆ క్షణంలో కలిగిన ఆనందం ఇంత పెద్దదని చెప్పడం నాకు చేతకాదు.

అసలు పాఠం మాత్రం ఆ పేరు పక్కనున్న తేదీ నేర్పింది. నా రికార్డు ధ్వని పాత బాకా రికార్డింగు ధ్వని. అంటే మైక్రోఫోను లేకుండా, పెద్ద గరాటులోకి వాయించినది. మైక్రోఫోనుతో రికార్డు చేయడం 1925లో వచ్చింది కనుక ఇది అంతకు చాలా ముందుదని గట్టిగా నమ్మాను. స్టీల్ గిటార్ ఫెరెరాదే అయితే వెనక వినిపించే గిటార్ ఆయన భార్య హెలెన్ లూయీస్‌ది అయి ఉంటుందని కూడా అనుకున్నాను. 1915 నుంచి ఆ జంట ఎన్నో కంపెనీలకు వాయించింది. 1919 డిసెంబరులో లాస్ ఏంజెలెస్ నుంచి సియాటిల్ వెళ్తున్న ఓడలోంచి ఆమె కనబడకుండా పోయింది. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి నేను ఆ రికార్డు వింటున్నప్పుడల్లా రెండో గిటార్‌లో ఆమెనే విన్నాను. పేజీలో ఉన్న తేదీ 1920ల రెండో సగానిది! హార్మొనీ కుటుంబం తోటి కంపెనీలు మైక్రోఫోనుకు మారిన తర్వాత కూడా కొన్నేళ్ళు పాత బాకా పద్ధతిలోనే రికార్డు చేస్తూ వచ్చింది. అది నాకు తట్టలేదు. చెవి అబద్ధం చెప్పలేదు, ధ్వని పాతదే. ధ్వనిని బట్టి ఏడాది కట్టడంలో పొరపడ్డాను. ఆ గిటార్ హెలెన్ లూయీస్‌ది కాదని తెలిసిన రోజు మనసు చిన్నబోయిన మాట నిజం.

అదే పేజీలో రెండో గిటార్ వాయించినవారి పేరు ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఈ డేటాబేస్‌లో నాకు అన్నింటికన్నా నచ్చినది ఈ ఖాళీయే. పత్రం చెప్పనిదాన్ని ఊహతో నింపేయలేదు. ఇంతకుముందు నేను కొన్న ఒక సీడీ సంకలనంలో (కంపెనీ పేరు అనవసరం) వేగంగా వాయించిన ప్రతి ముక్కకూ పేరున్న స్టీల్ గిటార్ వాద్యకారుడు సోల్ హూపీ పేరు తగిలించారు. బాగా వాయిస్తే చాలు, అది హూపీయే అన్నట్టుగా ఉంది. ఇది హూపీకి గౌరవం కాదు, అసలు వాయించినవాళ్ళకు మళ్ళీ జరిగిన అన్యాయం.

హూపీ చేతిని వింటే గుర్తుపట్టవచ్చు, కానీ శ్రద్ధగా వినాలి. 1902లో హోనొలులులో పుట్టి, 1919లో ఓడలో దొంగచాటుగా సాన్‌ఫ్రాన్సిస్కో చేరి, తర్వాత లాస్ ఏంజెలెస్‌లో స్థిరపడిన మనిషి. ఆయన కడ్డీ జారడం ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆగుతుందో రెండూ కత్తితో కోసినట్టుంటాయి. జాజ్ బృందంలో కార్నెట్ అనే ఊదే వాద్యం వాయించేవాడు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో హూపీ అక్కడ కడ్డీ ఎత్తుతాడు. ఫెరెరా అలా కాదు. పాటను పాటగా, తొందర లేకుండా, ఎక్కువగా ఒక్క తీగ మీద నడిపిస్తాడు. చరణాల చివర ఆ గంటల హార్మోనిక్స్ వదలడం ఆయనకు ఇష్టం. కలామా క్వార్టెట్ అనే హవాయి బృందం రికార్డులు కొన్నింటిలో ఇద్దరు స్టీల్ వాయిస్తారు. ఒకే మనిషి వాయించలేనన్ని స్వరాలు ఒకేసారి జారుతుంటే రెండో కడ్డీ కోసం వెతకాలి. ఇవి నా చెవికి తోచినవి. డేటాబేస్‌లో ఇలాంటి వివరణ ఏమీ ఉండదు, ఉండాలని కోరుకోవడం కూడా సరికాదు.

చెవితో సరిచూసేటప్పుడు వేగం గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. ‘78’ అని పిలిచే రికార్డులన్నీ నిమిషానికి సరిగ్గా 78 చుట్లు తిరగవు. 80 దగ్గర రికార్డు చేసినదాన్ని 78 దగ్గర వేస్తే శ్రుతి దాదాపు అర్ధస్వరంలో సగం కిందికి పడుతుంది. అప్పట్లో ఎక్కువగా వాడిన ‘ఎ’ శ్రుతిలో తీగలు కింది నుంచి ఇ, ఎ, ఇ, ఎ, సి షార్ప్, ఇ. అంత మేర దిగిపోయాక అది ‘ఎ’ శ్రుతా, లేక ‘జి’ శ్రుతిని కాస్త పైకి బిగించారా అన్నది చెవికి తేలదు. ఏ స్వరం వట్టి తీగ మీద పలికిందో, ఏది కడ్డీ కింద పలికిందో తారుమారవుతుంది. నేను స్టీల్ గిటార్ ఒళ్ళో పెట్టుకుని ఆ ముక్కను సగం వేగంలో వేసుకుని కూడా వాయిస్తాను. కడ్డీ జార్చకుండా వట్టి తీగ మోగిన చోటు దొరికితే చాలు, అక్కడి నుంచి తక్కిన తీగల శ్రుతి బయటపడుతుంది. నా రికార్డులో అలాంటి చోటు మొదటి చరణంలోనే ఉంది. కింది తీగ ఒక్కసారి, బొటనవేలితో.

డేటాబేస్ బలమంతా పెద్ద కంపెనీల దగ్గర ఉంది. అమెరికన్ కంట్రీ గాయకుడు జిమ్మీ రోడ్జర్స్ కోసం వెతికి చూడండి. 1928 ఫిబ్రవరిలో క్యామ్డెన్‌లో ఆయన పాటలకు స్టీల్ వాయించినది ఎల్స్‌వర్త్ కజెన్స్. 1929 ఆగస్టులో డాలస్‌లో వాయించినది జో కైపో. పాట వింటున్నవారికి రోడ్జర్స్ ఒక్కడే గుర్తుంటాడు, పక్కన కూర్చున్న కైపో పేరు లెడ్జరు వల్ల బతికింది. లెడ్జర్లు దక్కని చిన్న కంపెనీల విషయానికి వస్తే ఇంత అదృష్టం ఉండదు. అక్కడ అదే మాస్టరు ఇంకో లేబులు మీద అసలు పేరుతో వచ్చిందేమో చూసుకోవడం, ఆ తర్వాత చెవి. పెద్ద కంపెనీల లెడ్జర్లలో కూడా చాలాసార్లు ‘రెండు గిటార్లు, యుకులేలే’ అంటూ వాద్యాల లెక్క ఉంటుంది కానీ మనుషుల పేర్లుండవు.

ఇంకో విషయంలో కొత్తవాళ్ళు జాగ్రత్తపడాలి. లేబులు మీద, పేజీ మీద బృందనాయకుడి పేరు కనబడగానే స్టీల్ వాయించినది ఆయనే అనుకోకూడదు. 1937లో అమెరికన్ గాయకుడు బింగ్ క్రాస్బీ డెక్కాకు పాడిన ‘స్వీట్ లేలానీ’ లేబులు మీద లానీ మెకింటైర్ బృందం పేరుంది. లానీ వాయించేది మామూలు గిటార్. స్టీల్ గిటార్‌లో పేరున్నవాడు ఆయన అన్న డిక్. అన్నదమ్ముల పేర్లు కలిసిపోయి ఎన్ని తప్పు రాతలు చదివానో!

పేజీ చూడటానికి సాదాగా ఉంటుంది. ఫోనులో టేకుల పట్టిక చదవడం కష్టం, కంప్యూటరులోనే చూడండి. పాట పేరుతో వెతికితే వందల ఫలితాలు వచ్చిపడతాయి కనుక మాట్రిక్స్ నంబరుతోనే మొదలుపెట్టండి. ఫెరెరా పేరు మీద నొక్కితే ఆయన రికార్డింగులన్నీ ఒకచోట వస్తాయి. ఒక రాత్రి ఆ జాబితాను మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఎన్ని కంపెనీలు, ఎన్నెన్ని తేదీలు! ఎక్కువగా న్యూయార్క్ స్టూడియోలు. హోనొలులులో పుట్టిన మనిషి, ఇంటికి అంత దూరాన, ఏళ్ళ తరబడి ఇంటి పాటలే వాయిస్తూ గడిపాడు.

పాత హవాయి రికార్డులు ఒక్కటి ఉన్నా, ఊరికే వినడం మాత్రమే ఇష్టమైనా, ఈ డేటాబేస్‌ను వాడమనే చెబుతాను. అయిదు నక్షత్రాలకు అయిదూ ఇస్తాను. పేజీ అడుగున సంపాదకులకు సందేశం పంపే వీలుంది. నా రికార్డు పట్టీలో నంబరు పక్కన గీసిన టేకు అంకెను, నాలుగో అంకె మూడేనని తేల్చిన ఫొటోను వాళ్ళకు పంపాను. రికార్డు కవరు మీద పెన్సిలుతో ‘స్టీల్: ఫ్రాంక్ ఫెరెరా’ అని రాశాను. దాని కింద ‘గిటార్:’ అని రాసి, పక్కన చోటు వదిలాను.