సబ్బాతు నాడు నడకా, కారా? అమెరికా యూదుల రెండు దారులు

శుక్రవారం సూర్యాస్తమయానికి కాస్త ముందు దీపాలు వెలిగించడంతో మొదలై, శనివారం రాత్రి నక్షత్రాలు కనిపించేదాకా సాగే సబ్బాతును, అంటే యూదుల వారపు విశ్రాంతి దినాన్ని, అమెరికాలోని రెండు యూదు శాఖలు, నియమాలను కచ్చితంగా పాటించే ఆర్థడాక్స్, కొన్ని సడలింపులను ఒప్పుకునే కన్సర్వేటివ్, రెండూ పవిత్రంగానే భావిస్తాయి. ముఖ్యమైన తేడా సినగాగ్‌కు, అంటే యూదుల ప్రార్థన మందిరానికి, చేరే తీరులో ఉంది. ఇంజను నడపడమంటే సబ్బాతు నాడు నిషిద్ధమైన నిప్పు రాజేయడమేనన్నది ఆర్థడాక్స్ వాదన కనుక, ఆ కుటుంబాలు ఆ రోజు కారు ముట్టవు. నడిచి వెళ్లగలిగినంత దూరంలోనే ఇల్లు వెతుక్కుంటాయి. ఆ రోజు ఇంటి బయట దేన్నీ మోసుకెళ్లకూడదు కనుక, స్తంభాల మధ్య తీగలు కట్టి 'ఎరూవ్' అనే హద్దు ఏర్పరిస్తే తప్ప, పసిబిడ్డను బండిలో కూర్చోబెట్టి వీధిలో తోసుకెళ్లడానికీ వీలుండదు. ఆ తీగ ఎక్కడైనా తెగిందేమోనని వారం వారం ఎవరో ఒకరు తిరిగి చూసి రావాలి.

కన్సర్వేటివ్ శాఖ ధర్మశాస్త్ర సంఘం మాత్రం, మందిరానికి దూరంగా శివార్లలో స్థిరపడినవారు ప్రార్థన కోసం కారులో రావచ్చని 1950లో అనుమతించింది. షికార్లకు కాదు సుమా. ఆ సడలింపు మనుషులను మందిరానికి రప్పించగలదు గానీ, ప్రార్థన ముగిశాక ఒకరింటికొకరు నడిచి వెళ్లి మధ్యాహ్నం దాకా కలిసి భోంచేసే ఇరుగుపొరుగును కల్పించలేదని నాకనిపిస్తుంది. నడవలేని వృద్ధుల విషయంలో మాత్రం 1950 నాటి తీర్పు వైపే నా మొగ్గు.