బెజవాడ మట్టి గ్రౌండ్లలో 4 ఎం.ఎం. గోల్‌కీపర్ గ్లవ్స్: అమ్మాయిలకు పనికొస్తాయా?

2015లో ఇంగ్లండ్‌లోని వెస్ట్ హామ్ మహిళల ఫుట్‌బాల్ జట్టుకు వెళ్లిన భారత గోల్‌కీపర్ అదితి చౌహాన్ దారిలో నడవాలనుకునే అమ్మాయికి మొదటి పెట్టుబడి గ్లవ్సే. గోల్ వెడల్పు ఆడవాళ్లకూ అదే 7.32 మీటర్లు, చేతులే చిన్నవి. కాబట్టి షాపులో 9 సైజు చేతిలో పెడితే తీసుకోకండి. బొటనవేలు వదిలేసి అరచేతి చుట్టుకొలత అంగుళాల్లో కొలవండి. 6.6 వస్తే 7 అనుకుని ఒకటి కలపండి: సైజు 8.

ఈ జత అరచేతి మీద 4 ఎం.ఎం. మందం మెత్తటి లేటెక్స్ (రబ్బరు పొర), కుట్టు తీరు నెగటివ్ కట్. కుట్లు లోపలికి ఉండడంతో సన్నటి చేతికి అతికినట్టు కూర్చుంటుంది. కాస్త తడిపితే పట్టు బ్రహ్మాండం. చిక్కల్లా మన గట్టి నేలతోనే. పక్కకు దూకి చెయ్యి ఆనించినప్పుడల్లా మణికట్టు పక్కన అరచేతి అంచు నేలకు రాసుకుని, పొర ముందు అక్కడే పెచ్చులూడుతుంది. మ్యాచ్‌కి ఇది ఉంచి, ప్రాక్టీసుకు గట్టి లేటెక్స్ జత వాడడం నయం.

వేళ్లలోని ప్లాస్టిక్ పుల్లలు వేలు వెనక్కి విరగకుండా కాస్తాయి గానీ బంతి మీద పట్టు మొద్దుబారుతుంది.

గోరువెచ్చని నీళ్లలో మెల్లగా నొక్కి కడగండి, మెలిపెట్టి పిండొద్దు. నీడనే ఆరాలి. మేడ మీద బెజవాడ ఎండలో వేశారా, అప్పడమే! అరచేతులు రెండూ కలిపి బ్యాగులో పెట్టినా అంటుకుపోయి, విడదీసేటప్పుడు లేటెక్స్ చిరుగుతుంది.