నైట్రో హెలికాప్టర్ స్టార్టర్ షాఫ్ట్: మరమ్మతు తర్వాత మూడేళ్ల అనుభవం

నా దగ్గర రిమోట్‌తో ఎగరేసే 50 సైజు నైట్రో హెలికాప్టర్ ఉంది, అంటే నైట్రోమీథేన్ కలిపిన ఇంధనంతో నడిచే చిన్న మోడల్. దానిలో స్టార్టర్ షాఫ్ట్, అంటే బయటి నుంచి పెట్టే స్టార్టర్ మోటారు బలాన్ని ఇంజిన్‌కు అందించే ఇరుసు, మార్చి మూడేళ్లు దాటింది. అప్పటి నుంచి ఇంజిన్ స్టార్టు చేసేటప్పుడు అది ఒక్కసారి కూడా జారలేదు. ఈ మరమ్మతు ఎందుకు నిలిచిందో వివరంగా చెప్పాలనిపించింది, ఎందుకంటే మొదటిసారి నేను చేసిన పని రెండు ఫ్లైట్లు కూడా నిలవలేదు.

అప్పట్లో స్టార్టర్ నొక్కితే పైనున్న ఆరు మూలల అడాప్టర్ గిర్రున తిరిగేది కానీ, కింద కూలింగ్ ఫ్యాన్ కదిలేది కాదు. అడాప్టర్‌ను షాఫ్ట్‌కు పట్టి ఉంచే గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న స్క్రూ) వదులైందనుకుని బిగించి ఊరుకున్నాను. మళ్లీ జారినప్పుడు అడాప్టర్ ఊడదీసి చూస్తే, స్క్రూ మొన ఆనిన చోట షాఫ్ట్ చుట్టూ మెరిసే గాడి పడి ఉంది, దాని నిండా నూనెతో కలిసిన నల్లటి ఉక్కు పొడి ఉంది. ఇంధనం నింపేటప్పుడు కార్బొరేటర్‌కు వెళ్లే గొట్టాన్ని మూయకపోవడంతో ఇంజిన్‌లోకి ఇంధనం చేరింది. ద్రవం నొక్కుకుపోదు కనుక పిస్టన్ బిగుసుకుపోయింది, 12 వోల్టుల స్టార్టర్ బలమంతా ఆ చిన్న స్క్రూ మొన మీదే పడింది. అసలు కారణం అదీ.

పాత షాఫ్ట్‌నే వాడుకోవచ్చేమోనని బాలానగర్‌లో ఒక లేత్ షాపుకు తీసుకెళ్లాను. టర్నర్ దాన్ని వి-బ్లాకుల మీద పెట్టి, వంకరను ముల్లుతో చూపే డయల్ గేజ్ ఆనించి నెమ్మదిగా తిప్పాడు. పై కొన దగ్గర ముల్లు 0.12 మిల్లీమీటర్లు ఊగింది. "సరిచేయొచ్చు గానీ నిలవదు సార్, కొత్తది వేసుకోండి" అన్నాడు. ఆ మాట సరైనదే. ఈ షాఫ్ట్ క్లచ్‌కు బిగించి ఉంటుంది కాబట్టి స్టార్టు చేసేటప్పుడే కాక, గాలిలో ఉన్నంతసేపూ ఇంజిన్‌తో పాటే నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. ఆ వేగంలో కొద్దిపాటి వంకర కూడా సన్నటి వణుకుగా మారి ట్యాంకులో ఇంధనాన్ని నురగ కట్టిస్తుంది, తోకను నిలకడగా ఉంచే జైరో సెన్సర్‌ను కూడా తికమక పెడుతుంది.

కొత్త షాఫ్ట్ మీద స్క్రూ ఆనేచోట చదును చాలలేదు, అందుకే అతనితోనే దాన్ని ఇంకొంచెం అరగదీయించాను. అన్నిటికంటే ముఖ్యమైన పని ఆ తర్వాతిది. నైట్రో ఇంధనంలోని నూనె ప్రతి మరలోకీ చేరుతుంది, నూనె ఉన్న మర మీద థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులవకుండా పట్టి ఉంచే జిగురు) సరిగా పట్టదు. అందువల్ల స్క్రూనూ, అడాప్టర్ రంధ్రాన్నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండుసార్లు కడిగి ఆరబెట్టి, నీలిరంగు థ్రెడ్‌లాక్ ఒక్క చుక్క వేసి, 24 గంటలు ముట్టుకోకుండా వదిలేశాను. ఎర్రది వాడవద్దని గట్టిగా చెబుతాను. మళ్లీ విప్పవలసి వచ్చినప్పుడు స్క్రూలో కీ పెట్టే గుంట అరిగిపోతుంది. నీలిది సోల్డరింగ్ ఐరన్‌తో కాస్త వేడి చేస్తే వదులుతుంది.

ఇంజిన్ బిగుసుకుందనిపిస్తే ఇప్పుడు స్టార్టర్ నొక్కను. ఇంధనాన్ని మండించే గ్లో ప్లగ్ తీసి, ముఖం పక్కకు తిప్పుకుని, లోపలి ఇంధనం బయటికి చిమ్మేదాకా తిప్పుతాను.

ఇంత ఖరీదైన యంత్రంలో అంత భారాన్ని ఒకే గ్రబ్ స్క్రూ మీద వదిలేయడం నాకు ఇప్పటికీ నచ్చదు. ఒకదానికొకటి లంబంగా రెండు స్క్రూలు ఉండవలసింది. షాఫ్ట్ పై బేరింగును ఒకసారి మార్చాను. ఈ మధ్య అడాప్టర్ మూలలు కొద్దిగా గుండ్రబడ్డాయి, ఇక మార్చవలసింది దాన్నే.