ఎయిర్ బైపాస్ రోడ్డులో ఆర్‌టీఆర్ కోచింగ్: చేతులు ఖాళీ లేనప్పుడు ఎలా మాట్లాడాలో నేర్పుతారు

పైలట్ అవ్వాలంటే ఆర్‌టీఆర్ (రేడియో టెలిఫోన్ రెస్ట్రిక్టెడ్) లైసెన్సు ఉండాలి, విమానంలో రేడియో మైకు పట్టుకోవాలంటే అది తప్పనిసరి. మన వైపు పిల్లలు దీనికోసం చెన్నైకో హైదరాబాదుకో పోతుంటారు. తిరుపతిలో ఎయిర్ బైపాస్ రోడ్డులో మెడికల్ షాపు పైన ఉన్న ఈ చిన్న సెంటర్లో నేను పూర్తి కోర్సు చేశాను. బాగుంది, కాకపోతే కొన్ని లోపాలు కూడా చెప్పాలి.

ముందు బాగున్నదే చెప్తాను. ఆన్‌లైన్లో దొరికే పాఠాలన్నీ వాక్యాలు బట్టీ పట్టిస్తాయి, పరీక్షకు అది సరిపోవచ్చు గానీ ఇక్కడ సార్ (కంట్రోలర్‌గా, అంటే నేల మీద నుంచి విమానాలకు రేడియోలో దారి చెప్పే ఉద్యోగంలో రిటైరైన మనిషి) మొదటి వారం నుంచే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, చేతికి జాయ్‌స్టిక్ ఇచ్చి, చెవికి హెడ్‌సెట్ పెట్టి, హెడింగ్ (దిశ), లెవల్ (ఎత్తు), స్పీడ్, కొత్త ఫ్రీక్వెన్సీ అన్నీ ఒకే ఊపిరిలో చదివేస్తారు, సరిగ్గా అదే సమయంలో పక్కనున్న వాడు 'ఇంజిన్ ఫైర్' అని రాసిన కార్డు మన ముందు పెడతాడు. పుత్తూరు నుంచి వచ్చే అమ్మాయి ఒకసారి రీడ్‌బ్యాక్ (కంట్రోలర్ చెప్పింది తిరిగి అప్పజెప్పడం) తప్పు లేకుండా చెప్పింది, ఆ లోపల విమానం ఎనిమిది వందల అడుగులు కిందికి జారిపోయింది. సార్ కోప్పడలేదు. "నువ్వు మాట్లాడతా ఉంటే విమానం ఎవురు నడపతా ఉండారమ్మా? స్టాండ్‌బై (కాస్త ఆగండి) అని చెప్పు, ముందు దాన్ని పట్టుకో, కంట్రోలర్ యాడికీ పోడు" అన్నారు. ఏవియేట్, నావిగేట్, కమ్యూనికేట్ (ముందు విమానం నడుపు, తర్వాత దారి చూసుకో, ఆ తర్వాతే మాట్లాడు) అని అన్ని పుస్తకాల్లోనూ ఉంటుంది, ఆ వరుస నాకు ఒంటబట్టింది మాత్రం ఆ రోజే.

తర్వాత ఇద్దరిద్దరిని జంటగా కూర్చోబెడతారు. పెద్ద విమానాల్లో ఒకరు నడిపితే రెండోవారు రేడియో చూస్తారు కదా, ఆ రెండోవారు చెక్‌లిస్టు చదవాల్సి వస్తే మైకు ఎవరిది? అది పైకి చెప్పి అప్పగించుకోవాలి, చెప్పకపోతే ఇద్దరూ మాట్లాడతారు లేదా ఇద్దరూ ఊరుకుంటారు. క్లాసులో రెండూ జరిగాయి. కంట్రోలర్ చెప్పింది ఇద్దరి చెవుల్లోనూ పడాలని చెప్పడానికి సార్ 1996 చర్ఖీ దాద్రీ ప్రమాదం తీసుకున్నారు. కజకిస్తాన్ విమానంలో రేడియో మాట్లాడే మనిషి వేరు, నడిపేవాళ్లు వేరు, వాళ్లకు ఇచ్చిన 15,000 అడుగుల కన్నా కిందికి దిగిపోయి ఎదురొచ్చిన సౌదీ విమానాన్ని ఢీకొన్నారు, 349 మంది పోయారు.

నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది 'అనేబుల్' (unable, అంటే చేయలేను) అనే ప్రాక్టీసు. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు ఏదైనా చెప్తే కుదరదు అనడం మనకు అలవాటు లేదు, టవర్ నుంచి గట్టి గొంతు వినపడగానే నోరు 'రోజర్' (విన్నాను) అనేస్తుంది. సార్ కావాలనే చేయలేని పనులు చెప్తారు, చేయలేము అని వెంటనే అనాలి. 1990 జనవరి 25న న్యూయార్క్ దగ్గర అవియాంకా 52లో ఇంధనం అయిపోతుంటే సిబ్బంది 'ప్రయారిటీ' అడిగారు, ఇంధనం అయిపోతోంది అని కూడా అన్నారు, ఎమర్జెన్సీ అని మాత్రం ప్రకటించలేదు. రద్దీలో ఉన్న కంట్రోలర్లకు విషయం ఎంత తీవ్రమో ఎక్కలేదు, విమానం కూలి 73 మంది చనిపోయారు. అదే 2009లో హడ్సన్ నదిలో దిగిన విమానం కెప్టెన్ సలెన్‌బర్గర్, కంట్రోలర్ రన్‌వే ఇస్తానంటే అనేబుల్ అని ఒక్క ముక్కలో తేల్చేశాడు, 155 మందీ బతికారు. ఈ రెండు కథలూ పక్కపక్కన విన్నాక మేడే (ప్రాణాపాయంలో ఉన్నాం అని చెప్పే పిలుపు) అని మూడుసార్లు అనడానికి మొహమాటపడే వాళ్లు మా బ్యాచిలో లేరు.

కంట్రోలర్ కుర్చీలో మనల్ని కూర్చోబెట్టే రోజు అసలు మానొద్దు. కాగితం మీద నాలుగు విమానాలకే నాకు చెమటలు పట్టాయి, ఒకడు తప్పు రీడ్‌బ్యాక్ ఇస్తే పట్టుకోలేదు కూడా.

ఇక లోపాలు. హెడ్‌సెట్లలో కొన్నింటికి ఒక చెవి పనిచేయదు, ఇంత ఫీజు తీసుకుని అవి మార్చకపోవడం నాకు నచ్చలేదు. నోట్సు పాతది: కొత్త విమానయాన చట్టం 2025 జనవరి 1న అమల్లోకి వచ్చి ఈ లైసెన్సు డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) కిందికి మారినా ఇంకా డబ్ల్యూపీసీ (ఇంతకుముందు ఈ లైసెన్సు ఇచ్చిన టెలికాం శాఖ విభాగం) పద్ధతే రాసి ఉంది. రూల్స్ భాగం చివర్లో పరిగెత్తించారు, అది ఇంట్లో చదువుకోవాల్సిందే. సాయంత్రం బ్యాచిలో జనం ఎక్కువ, మైకు చేతికి రావడానికే చాలాసేపు పడుతుంది.

చిత్తూరు, శ్రీకాళహస్తి నుంచి వచ్చేవాళ్లు పొద్దున బ్యాచే అడగండి. చేరే ముందు డెమో క్లాసు ఉచితమే, ఆ రోజే హెడ్‌సెట్ రెండు చెవులూ వినిపిస్తున్నాయో లేదో చూసుకుని డబ్బు కట్టండి. ఐదుకు నాలుగు ఇస్తున్నాను.