సిరానో కవి ఇంటికి నాన్నతో: కాంబోలో రెండు రాత్రులు

ఫ్రాన్స్ నైరుతి మూలన, బాస్క్ దేశంలో ఉన్న కాంబో-లె-బాఁకి వెళ్లాలనుకునేవాళ్లకి ముందుగా ఒక మాట. బస మాత్రం దగ్గర్లో ఉన్న బయోన్ పట్టణంలోనే తీసుకోండి. బయోన్ నుంచి కాంబోకి రైల్లో అరగంట కూడా పట్టదు. పొద్దున వచ్చి సాయంత్రానికి హాయిగా తిరిగి వెళ్లొచ్చు. ఆ పని చేయనందుకు మాకు 186 యూరోల బస చివరికి 316 యూరోలైంది. పైగా డెబ్బై ఏళ్ల మా నాన్న వానలో సూట్‌కేసు మీద గంటా యాభై నిమిషాలు కూర్చోవాల్సి వచ్చింది.

మేముండేది తులూజ్‌లో. నాన్న మూడు నెలల వీసా మీద తెనాలి నుంచి వచ్చారు. తెలుగు మాస్టారుగా రిటైరయ్యారు. నలభై ఏళ్లు పరిషత్ నాటకాల్లో కృష్ణుడి వేషం, కర్ణుడి వేషం కట్టారు. ఐఫిల్ టవర్ చూపిస్తే "బాగుందమ్మా" అని ఊరుకున్నారు. "పద్యనాటకం రాసి దేశమంతా పేరు తెచ్చుకున్న కవి ఇల్లు ఒకటుంది, చూస్తారా?" అని అడిగితే మాత్రం లేచి కూర్చున్నారు. ఆ కవి ఎద్మోఁ రోస్తాఁ. 'సిరానో ద బెర్జెరాక్' ఆయనదే. అక్టోబర్ మధ్యలో నేను, మా ఆయన, నాన్న బయలుదేరాం.

తులూజ్ నుంచి బయోన్ దాకా ప్రయాణం గురించి చెప్పడానికేమీ లేదు, రైలు టైముకే వచ్చింది. దారంతా నేను నాన్నకి సిరానో కథ చెప్పాను. ముక్కు మరీ పెద్దదైన ఒక గాస్కన్ వీరుడు, అంటే నైరుతి ఫ్రాన్స్‌లోని గాస్కనీ ప్రాంతంవాడు. కత్తిలోనూ కవిత్వంలోనూ అతనికి ఎదురులేదు. రొక్సాన్ అనే అమ్మాయిని ప్రేమిస్తాడు కానీ, తన ముఖం తలుచుకుని నోరు విప్పడు. ఆమె క్రిస్తియాఁ అనే అందగాడిని ఇష్టపడుతుంది. ఆ అబ్బాయికి మాట రాదు. అందుకని సిరానో అతని పేరుతో ప్రేమలేఖలు రాసిపెడతాడు, చీకట్లో బాల్కనీ కింద నిలబడి అతని గొంతుగా మాట్లాడతాడు. మొదటి అంకంలోనే సిరానో ఒకడితో కత్తియుద్ధం చేస్తూ, అప్పటికప్పుడు పద్యం అల్లుతూ, చివరి పాదం దగ్గర పొడుస్తానని ముందే చెప్పి అలాగే పొడుస్తాడు. అది వినగానే నాన్న తొడ చరిచారు. "అంటే కత్తి పట్టుకుని అవధానం చేశాడన్నమాట!" అన్నారు. ఆ తర్వాత అసలు ప్రశ్న వేశారు: "యతి ఉందా?"

మన యతి లాంటిది లేదు. ఒక్కో పాదానికి పన్నెండు అక్షరాలు, ఆరో అక్షరం దగ్గర విరుపు, రెండేసి పాదాలకు అంత్యప్రాస. అలెగ్జాండ్రిన్ అంటారు దాన్ని. ఐదంకాల నాటకం దాదాపు మొత్తం ఆ నడకలోనే సాగుతుంది. నిజం సిరానో 1619లో పుట్టి 1655లో పోయాడు. కవి, కత్తిసాము తెలిసినవాడు, చంద్రుడి మీదకి ప్రయాణం గురించి రాసినవాడు. కానీ అతనిది పారిస్. గాస్కన్‌గా మార్చింది రోస్తాఁయే. "మంచి పని చేశాడు, పాత్రకి ఊరు ఉండాలి" అన్నారు నాన్న.

కాంబోలో దిగేసరికి సన్నగా వాన. స్టేషన్ ఊరికి దిగువన, నీవ్ నది పక్కన ఉంటుంది. ఊరు ఎగువన ఉంటుంది. మేము ఆన్‌లైన్‌లో బుక్ చేసిన ఇంటి ప్రకటనలో "రోస్తాఁ ఇంటికి 5 నిమిషాలు" అని రాశారు. అది కారులో లెక్క, మాకు కారు లేదు. సూట్‌కేసులు లాక్కుంటూ ఎత్తు ఎక్కడానికే నలభై నిమిషాలు పట్టింది.

గుమ్మం దగ్గర తాళంచెవుల పెట్టె ఉంది. దాని నంబరు మాత్రం మాకు రాలేదు. ఇంటావిడకి ఏడుసార్లు ఫోన్ చేశాను, నాలుగు మెసేజ్‌లు పెట్టాను. మా ఆయన మొదటి అరగంట ఓపికగా ఉన్నాడు. తర్వాత మాట్లాడటం మానేశాడు. నాన్న సూట్‌కేసు మీద కూర్చుని, కండువా తలమీద కప్పుకుని, "నేను బాగానే ఉన్నానమ్మా, టెన్షన్ పడకు" అంటూనే ఉన్నారు. ఆ మాట వింటుంటే నాకు ఇంకా కడుపు మండింది. గంటా యాభై నిమిషాల తర్వాత ఒక కారు వచ్చి ఆగింది. క్షమించమన్న మాట లేదు. దిగీ దిగగానే దుప్పట్లకి మంచానికి 15 చొప్పున రెండు మంచాలకి 30, శుభ్రం చేసినందుకు 60, రెండూ నగదుగా ఇవ్వాలంది. ప్రకటనలో ఆ సంగతులు అడుగున, "మరింత చదవండి" అన్నచోట ఉన్నాయట. పైన 200 డిపాజిట్. వెళ్లేటప్పుడు అందులోంచి 40 కోసుకుంది, గాజు గ్లాసు పగిలిందని. ఆ గ్లాసు మేము వచ్చేటప్పటికే బీటవారి ఉంది. ఫొటో తీసుకోలేదు, అది నా పొరపాటు.

ఫ్రాన్స్‌లో అద్దె ఇళ్లకి దుప్పట్లు, క్లీనింగ్ వేరుగా వసూలు చేయడం మామూలే. కాబట్టి బుక్ చేసే ముందే రెండూ కలిపి ఎంతో రాతపూర్వకంగా అడగండి. లోపలికి అడుగుపెట్టగానే గిన్నెలు, గ్లాసులు, గోడలు అన్నీ ఫోన్‌తో ఫొటోలు తీయండి. పెద్దవాళ్లని తీసుకెళ్తుంటే, కౌంటర్ దగ్గర మనిషి కూర్చుని ఉండే హోటల్‌కే వెళ్లండి. ఎక్కువ పోయినా అదే నయం.

మర్నాడు వాన వెలిసింది. ఆ ఇల్లు పేరు ఆర్నాగా. ఊరి అంచున, మిట్ట మీద, తెల్లటి గోడలకి ఎర్రటి దూలాలతో ఉంటుంది. 1900లో ఊపిరితిత్తుల పొర వాపు నుంచి కోలుకోవడానికి రోస్తాఁ కాంబోకి వచ్చాడు. ఇక్కడి గాలి పడింది, ఇక ఇక్కడే ఉండిపోవాలనుకున్నాడు. ఆల్బేర్ తుర్నేర్ అనే ఆర్కిటెక్టుతో 1903 నుంచి 1906 దాకా ఈ ఇల్లు కట్టించాడు. బయట నుంచి బాస్క్ రైతు ఇల్లులా కనిపిస్తుంది, పరిమాణం మాత్రం రాజమహలు. ఇప్పుడది ఊరి మున్సిపాలిటీది, మ్యూజియంగా నడుపుతున్నారు. బయోన్ నుంచి రానూపోనూ రైలు, ప్రవేశ టిక్కెట్లు కలిపి ముగ్గురికీ సుమారు 70 యూరోలు లెక్కేసుకోండి. ఆ డబ్బుకి నాకు రవ్వంత విచారం లేదు. టిక్కెట్లు ఇచ్చే అమ్మాయి నాన్న మోకాళ్లు చూసి, మెట్లు తక్కువగా ఉండే దారి తనంతట తనే చెప్పింది.

చాలామంది తోటలో ఫొటోలు తీసుకుని వెళ్లిపోతున్నారు. అలా చేయకండి. ముందు ఇంట్లోకి వెళ్లండి. గదులు ఒక్కోటి ఒక్కో నాటకం సెట్టింగులా ఉంటాయి. రోస్తాఁ భార్య రోజ్‌మోఁద్ జెరార్ కూడా కవయిత్రే. ఆమె గది గోడల నిండా పిల్లల కథల బొమ్మలున్నాయి. వాళ్ల పెద్దబ్బాయి మోరిస్ రచయిత అయ్యాడు, చిన్నబ్బాయి జాఁ కప్పల మీద పరిశోధన చేసిన జీవశాస్త్రవేత్త అయ్యాడు.

నాన్న ఎక్కువసేపు నిలబడింది నాటకాలకి సంబంధించిన వస్తువుల దగ్గర. సిరానో మొదటి ప్రదర్శన పారిస్‌లో పోర్త్ సాఁ-మార్తాఁ థియేటర్‌లో, 1897 డిసెంబర్ 28న. రోస్తాఁకి అప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు. సిరానో వేషం కోక్లాఁ అనే నటుడిది. అప్పుడు పారిస్‌లో గాలి వాస్తవిక నాటకాల వైపు వీస్తోంది. ఐదంకాల పద్యనాటకం ఎవరు చూస్తారని అందరికీ అనుమానమే. తెర లేచే ముందు రోస్తాఁ వెళ్లి కోక్లాఁని పట్టుకుని, నిన్ను ఈ ఊబిలోకి దించాను, క్షమించు అన్నాడని చెబుతారు. తెర పడ్డాక చప్పట్లు ఆగలేదు.

"1897 అంటే మన కన్యాశుల్కం అచ్చయిన ఏడు కదూ!" అన్నారు నాన్న. నాకు తట్టనే లేదు. నిజమే, గురజాడ మొదటి కూర్పు ఆ ఏడే వచ్చింది. "అక్కడ ఆయన నాటకాన్ని వాడుక మాటలోకి దించుతున్న ఏడాదే, ఇక్కడ ఈయన తిరిగి పద్యంలోకి ఎక్కించాడు. ఇద్దరిదీ తెగువే" అన్నారు. ఈ వాక్యం వినడానికే నేను 316 యూరోలు ఇచ్చాననుకున్నా నాకు సరిపోతుంది.

ఆ తర్వాత 1900లో 'లెగ్లోఁ', అంటే గద్దపిల్ల. నెపోలియన్ కొడుకు కథ. ఇరవై ఏళ్ల ఆ కుర్రాడి వేషం యాభై అయిదేళ్ల నటి సారా బెర్నార్ వేసింది. మన స్థానం నరసింహారావుగారు ఆడవేషాలు కట్టినట్టు అని నాన్న మా ఆయనకి చెప్పడం మొదలుపెట్టారు. పక్క గదికి వెళ్లేదాకా ఆపలేదు. 1901లో రోస్తాఁ ఫ్రెంచ్ అకాడమీకి ఎన్నికయ్యాడు.

ఇక 'షాంత్‌క్లేర్'. కాంబో చుట్టుపక్కల నడుస్తూ ఒక రైతు దొడ్డి చూసినప్పుడు ఈ ఆలోచన పుట్టిందట. పాత్రలన్నీ కోళ్లు, పక్షులు, కుక్క. తను కూస్తేనే సూర్యుడు లేస్తాడని నమ్మే కోడిపుంజు నాయకుడు. ఒకరోజు అది కూయకుండానే తెల్లవారిపోతుంది. అయినా కూయడం మానదు. రాయడానికి ఏళ్లు పట్టింది. పుంజు వేషం వేయాల్సిన కోక్లాఁ 1909లో చనిపోయాడు. 1910 ఫిబ్రవరిలో ల్యుస్యాఁ గిత్రీ అనే నటుడితో ఆడారు. సిరానోకి వచ్చిన జయజయధ్వానాలు దీనికి రాలేదు. నా మటుకు ఇదే ఆయన అసలు గొప్ప నాటకం. సిరానోలో వీరుడికి చూసి మెచ్చుకునే జనం ఉన్నారు. ఈ పుంజుకి పని తప్ప ఏమీ లేదు.

ఆ కథ చెప్పాక నాన్న మౌనంగా అయిపోయారు. రెండేళ్ల కిందట ఒక పరిషత్తులో పద్యం మధ్యలో మర్చిపోయి నిలబడిపోయారు. ఆ రాత్రి నుంచి మళ్లీ స్టేజీ ఎక్కలేదు. ఇంట్లో కూడా పాడటం మానేశారు.

తోటలో ఒక పక్క కవుల మూల అని ఉంది. సెర్వాంటెస్, షేక్స్‌పియర్, హ్యూగో శిలావిగ్రహాలు. ఎదురుగా నీటి కొలను, దూరంగా కొండలు. నాన్న బెంచీ మీద కూర్చున్నారు. చుట్టూ ఎవరూ లేరని చూసుకున్నారు. రాయబారంలో పద్యం ఒకటి ఎత్తుకున్నారు. మూడో పాదం దగ్గర ఆగిపోయింది. నేను ఊపిరి బిగబట్టాను. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. నాన్న కళ్లు మూసుకుని, మళ్లీ మొదటి నుంచి అందుకుని, చివరి రాగం దాకా తీశారు. ఒక ఫ్రెంచ్ ముసలాయన దారిన పోతూ ఆగి, టోపీ తీసి, తల వంచి వెళ్లాడు.

మధ్యాహ్నం భోజనం గురించి కూడా చెప్పాలి. నాన్న నీసు ముట్టరు. బాస్క్ వంటల్లో మాంసం, చేప లేనివి తక్కువ. పిపెరాద్ అని మిరప జాతి కాయలు, టమాటా, ఉల్లిపాయ మగ్గబెట్టి గుడ్డు కలిపే కూర ఉంది, కానీ పైన బయోన్ పందిమాంసం ముక్క వేస్తారు. మేం వెళ్లిన చిన్న హోటల్లో వంటావిడ స్వయంగా బయటికొచ్చి సంగతి అడిగింది. వేరే మూకుడులో, మాంసం తగలకుండా, గుడ్డు కూడా లేకుండా చేసి పెట్టింది. ప్లేటు 14 యూరోలే, పైసా ఎక్కువ తీసుకోలేదు. బ్రెడ్డు నంజుకుని నాన్న రెండుసార్లు పెట్టించుకున్నారు. ఆ రెండోసారిదానికి డబ్బే తీసుకోలేదు. ముందురోజు చూసిన ఇంటావిడ ఊరూ, ఈవిడ ఊరూ ఒకటేనంటే నమ్మబుద్ధి కాలేదు.

సాయంత్రం టాక్సీలో పక్కూరు ఎస్పెలెత్ వెళ్లాం, 22 యూరోలు. ఇళ్ల గోడల నిండా ఎర్ర మిరపకాయల దండలు. అది చూశాక నాన్నకి ఊరు గుర్తొచ్చింది. చిన్న సీసా కారం 7.50 పెట్టి కొన్నాం. వేలితో నాకి, "రంగు మనదే, కారం మాత్రం పిల్లలకి పెట్టొచ్చు" అన్నారు. నిజంగానే అది తియ్యగా, వాసనగా ఉంటుంది. దోసెల పొడిలో కలపడానికి పనికిరాదు. పెరుగన్నం మీద చల్లుకుంటే మాత్రం బాగుంది.

కాంబోకి ఒక పగలు చాలు, రెండు రాత్రులు అక్కర్లేదు. అందులో నాలుగు గంటలు ఆర్నాగాకే ఇవ్వండి. వెళ్లే ముందు సిరానో ఇంగ్లీషులోనైనా చదివి వెళ్లండి. చదవకపోతే అది ఒక ధనవంతుడి అందమైన ఇల్లుగా మాత్రమే కనిపిస్తుంది. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిందని రోస్తాఁ 1918 నవంబర్‌లో ఈ ఇల్లు వదిలి పారిస్ వెళ్లాడు. డిసెంబర్ 2న స్పానిష్ ఫ్లూతో పోయాడు, యాభై ఏళ్లకే. తిరిగి ఈ తోటకి రాలేదు.

బయోన్ స్టేషన్ దగ్గర నాన్న 4 యూరోలు పెట్టి సిరానో ఫ్రెంచ్ ప్రతి కొన్నారు. ఆయనకి ఫ్రెంచ్‌లో ఒక్క ముక్క రాదు. "నువ్వు పైకి చదువు, విరుపు దగ్గర ఆగి చదువు, అర్థం తర్వాత చెబుదువుగాని" అన్నారు. రైలు కదిలాక మొదలుపెట్టాను. ఆరో అక్షరం దగ్గర నేను ఆగకపోతే, ఆయన వేలితో కిటికీ మీద కొట్టి ఆపేవారు. తులూజ్ వచ్చేసరికి రెండో అంకం సగంలో ఉన్నాం.